మన దారులు ముందు మన పిల్లలకు తెలియాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కర్నూలు, కడప ప్రాంతాల గిరిజన యువజన సభలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఇక్కడ చెంచు పిల్లలు ఉన్నారు. సుగాలి, యానాది, ఎరుకల పిల్లలూ ఉన్నారు. మాట్లాడే భాషలు వేరైనా మనందరం పుట్టింది, తిరిగింది ఈ నల్లమల, ఎర్రమల, లంకమల నీడలోనే. అందుకే ఈ రోజు ఈ కొండల గురించే మాట్లాడదామని వచ్చాం.

ముందు మన చెంచు పెద్దలు చెప్పే మాట ఒకటి. కొండ చరియకు కట్టిన తేనెపట్టు తీయాలంటే పైనుంచి తాడు వేసుకుని దిగాలి. కింద చూస్తే లోయ. చుట్టూ ఈగలు. ఒక చేతిలో పొగ, ఇంకో చేతిలో బుట్ట. ఇక ప్రాణమంతా పైన తాడు పట్టుకున్నవాడి చేతిలోనే ఉంటుంది. ఆ తాడు ఎవరికి ఇస్తారు? సొంత అన్నదమ్ములకు కాదు, బావమరిదికి ఇస్తారు. తన అక్కో చెల్లెలో తాడు చివర వేలాడుతున్నవాడి భార్య కాబట్టి, వాడు ఆ తాడు వదలడు. ఈ మాట చెప్పి పెద్దలు నవ్వుతారు గానీ, అందులో ఎంతో లెక్క ఉంది. ప్రాణం ఎవరి చేతిలో పెట్టాలి, ఎందుకు పెట్టాలి అని ముందే ఆలోచించుకున్నారు.

ఇప్పుడు పట్నాల్లో దీన్నే సాహస యాత్ర అంటున్నారు. ట్రెక్కింగ్, క్యాంపింగ్, రాక్ క్లైంబింగ్ అంటూ పేర్లు పెట్టి డబ్బు కట్టి వస్తున్నారు. శని, ఆదివారాలు వస్తే గండికోటలో గుడారాలు, బెలుంలో క్యూలు, అహోబిలంలో ఊతకర్రలు. రావడం తప్పు కాదు. చూడాలన్న కోరిక మంచిదే. మేము అడిగేది ఒక్కటే. ఈ వచ్చేవాళ్లకు తాడు పట్టేది ఎవరు? దారి చూపేది ఎవరు? మన పిల్లలా, లేక ఫోనులో మ్యాపు చూసుకుని నిన్న మొన్న వచ్చినవాళ్లా?

మన దారిలో నడిచిన పాత యాత్రికులు

ఈ ప్రాంతానికి యాత్రికులు కొత్త కాదు. తెలుగులో తొలి యాత్రా గ్రంథంగా పేరున్న 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పని చేసినాయన. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, తిరుపతి చూసుకుని, కడప మీదుగా అహోబిలం, మహానంది, ఆత్మకూరు దాటి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారిలో శ్రీశైలం ఎక్కాడు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ దారి కష్టం, ఎక్కడ బస చేయవచ్చు అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయాడు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి రాత. అయినా శివరాత్రికి కాలినడకన శ్రీశైలం పోయే భక్తులు ఇప్పటికీ అవే పేర్లు చెప్పుకుంటూ పోతారు. నాగలూటి వీరభద్రుడు, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం.

అంతకు ముందు 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గండికోటకు వచ్చి పోయాడు. అప్పటికి ఆ కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. ఆయన చూసిందీ పుస్తకంలో రాసిపెట్టాడు.

ఇట్లా వచ్చినవాళ్లు రాశారు, పోయారు. వాళ్ల పుస్తకాలు మిగిలాయి. దారి పొడుగునా తోడున్నవాళ్లు, మూటలు మోసినవాళ్లు, నీళ్లు చూపినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. రాసింది చదువు వచ్చినవాళ్లు కాబట్టి అట్లా జరిగింది. ఇప్పుడు మీకు చదువు ఉంది. చేతిలో ఫోను ఉంది. ఇక మీదట మన దారుల గురించి రాసేది, చెప్పేది మీరే కావాలి.

మేము చేసిన తప్పు

ఈ మాట అనడానికి మాకు అర్హత ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. పొరపాటు చేసి నేర్చుకున్నాం.

కొన్నేళ్ల కిందట మార్చి నెలలో పన్నెండు మంది పిల్లలను తీసుకుని బేతంచెర్ల వైపు ఎర్రమల గుట్టల్లో ఒక రోజు నడక పెట్టుకున్నాం. పెద్దవాళ్లం ముగ్గురం. గుట్టల కింద ఒక తండాలో చద్ది తిన్నాం. ఆ తండాలో ఒక అవ్వ, డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి, కట్టెలకు పోవడానికి కొడవలి తీసుకుని నిలబడి ఉంది. ఎటు పోతున్నారు నాయనా అని అడిగింది. చెప్పాం. "ఆ కుంట ఎండిపోయిండాది. నీళ్లుండవు. వంకెమ్మడి పోండి. కావాలంటే నేనూ వస్తా" అనింది. ఈ ఎండకు నువ్వు నడవలేవులే అవ్వా అని నవ్వి బయలుదేరాం. ఫోనులో చూస్తే కుంట నీలంగా కనిపిస్తోంది. ఆ బొమ్మ ఏ వానాకాలంలో తీసిందో మాకు తట్టలేదు.

పన్నెండు గంటలకు కుంట దగ్గరికి చేరాం. బీటలు వారిన మట్టి. పశువుల గిట్టల గుర్తులు తప్ప చుక్క నీరు లేదు. తెచ్చుకున్న సీసాలు అప్పటికే ఖాళీ. వెనక్కి తిరిగాం. అర్ధగంట నడిచామో లేదో ఒక పిల్లాడు తల తిరుగుతోందని కూర్చున్నాడు. చెమట పట్టడం ఆగిపోయింది, ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. ఎండదెబ్బ. మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మనవాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు మమ్మల్ని అడగకుండానే తండా వైపు పరుగెత్తారు.

అవ్వ దారిలోనే కట్టెలు కొడుతూ వాళ్లకు ఎదురైంది. వచ్చి పిల్లాణ్ని చూసి, నీడకు లాగమంది. మమ్మల్ని వంకలోకి తీసుకుపోయింది. పైకి అంతా ఎండిన ఇసుకే. వంక మలుపు తిరిగే చోట, బండ కింద, ఒక పచ్చటి పొద పక్కన కొడవలితో గీత గీసి ఇక్కడ తవ్వండి అంది. మోచేతి లోతు తవ్వేసరికి ఇసుక తడిగా వచ్చింది. ఇంకాస్త తవ్వితే నీళ్లు ఊరాయి. అదే చెలమ. మొదటి నీళ్లు బురదగా ఉంటే తోడి పారబోయించింది. రెండోసారి ఊరినవి తేటగా ఉన్నాయి. తువ్వాలు తడిపి పిల్లాడి ఒళ్లంతా తుడిచాం, మెడ మీద, చంకల్లో వేశాం, విసిరాం. తెలివి బాగా వచ్చాక కొద్దికొద్దిగా తాగించాం. గంటకు తేరుకున్నాడు. సాయంత్రం ఆసుపత్రికి తీసుకుపోయి చూపించాం. ఇప్పుడు బాగున్నాడు, ఈ సభలోనే ఉన్నాడు.

ఆ రోజు తప్పు పిల్లాడిది కాదు, ఫోనుదీ కాదు. అవ్వ మాట వినని మాది. మేమూ గిరిజనులమే. అయినా నాలుగు అక్షరాలు నేర్చుకున్నామని ఆమెను కట్టెల అవ్వగానే చూశాం. ఆమెకు తెలిసిన విద్య మాకు కనిపించలేదు. వాళ్ల పిల్లాడైతే ఆ తండావాళ్లు పొద్దున్నే ఆమెను వెంట పంపేవాళ్లు. బావమరిది చేతికి తాడు ఇచ్చే పెద్దల లెక్క మేము మరిచిపోయాం.

ఆనాటి నుంచి మా నడకలకు ఒక నియమం పెట్టుకున్నాం. ఏ గుట్టకు పోయినా ఆ గుట్ట కింద పుట్టిన మనిషి ముందు నడవాలి. ఆ మనిషికి ఆ రోజు కూలి ఇవ్వాలి. మూటలు మోసినందుకు ఇచ్చే కూలి వేరు, దారి చెప్పినందుకు ఇచ్చేది వేరు. రెండోది ఎక్కువ ఉండాలి.

కలివికోడిని చూపింది ఎవరు?

మనవాళ్ల తెలివికి, చదువుకున్నవాళ్ల శాస్త్రానికి పొత్తు కుదిరితే ఏమవుతుందో కడప జిల్లా పిల్లలకు తెలియాలి. కలివి పొదల నడుమ తిరిగే పిట్ట ఒకటుంది. పేరు కలివికోడి. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవు. పగలు పొద కింద దాక్కుని, రాత్రి తిరుగుతుంది. ఎగరడం కంటే పరుగెత్తడమే ఎక్కువ. జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుడు దీన్ని గుర్తించగా 1848లో శాస్త్ర లోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించిందని రాసుకున్నారు. ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. ఇక లేదు, అంతరించిపోయింది అనుకున్నారు.

1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెదకడానికి వచ్చారు. పిట్ట బొమ్మ పట్టుకుని పల్లెల్లో తిరిగి, పిట్టలు పట్టేవాళ్లను, అడవికి పోయేవాళ్లను అడిగారు. చివరికి 1986 జనవరిలో లంకమల అంచున, రాత్రి టార్చిలైటు వెలుగులో, పిట్టల గురించి తెలిసిన ఒక స్థానిక వేటగాడి వల్ల అది దొరికింది. శాస్త్రవేత్త భరత్ భూషణ్ ప్రపంచానికి చెప్పారు. 86 ఏళ్లు కనబడలేదన్న పిట్టకు మనవాళ్ల నోట పేరు మాత్రం ఎప్పుడూ పోలేదు. ఆ పేరులోనే అది ఉండే పొద కూడా ఉంది. ఆ తరువాతే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ పనులప్పుడు ఈ పిట్ట కోసం పెద్ద చర్చే నడిచింది.

ఇప్పుడు కడప నుంచి వచ్చిన పిల్లలను ఒక మాట అడుగుతాం. కలివికాయ తిన్నవాళ్లు చేతులెత్తండి. సరే, చాలామందే ఉన్నారు. కలివికోడి పేరు ఇంటి పెద్దల నోట విన్నవాళ్లు? చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో. ఒక్క తరంలో ఎంత పోయిందో ఇక్కడే లెక్క తేలింది.

కర్నూలు వైపు రోళ్లపాడు పచ్చికబీళ్లలో బట్టమేకపిట్ట కథ ఇంకా బాధ. దాని కోసమే అభయారణ్యం పెట్టారు. జింకలు కనిపిస్తున్నాయి గానీ ఆ పిట్ట కనిపించడం మహా అరుదైపోయింది. చూడటానికి పోయేవాళ్లు కూడా దాన్ని బెదరగొట్టకుండా చూడాలి. ఫోటో కోసం పొదలోకి దూరి పోయేవాడు యాత్రికుడు కాదు.

గుహలు, బూడిద, లోయ

బెలుం గుహలు ఇప్పుడు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోకి వస్తాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్ల భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1982, 83ల్లో జర్మనీ నుంచి గెబావర్ బృందం వచ్చి లోపల కొలతలు తీసింది. మొత్తం 3,229 మీటర్లని తేలింది. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేరకే 2002 నుంచి జనాన్ని పోనిస్తున్నారు. సున్నపురాతిని వేల ఏళ్లు నీళ్లు కరిగించి తొలిచిన సొరంగాలు ఇవి. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ. లోపల ఉక్కపోత ఎక్కువ. గాలికి గొట్టాలు పెట్టారు. ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు లోతుకు పోకూడదు. వాళ్లను తీసుకుపోయే పిల్లలకు ఈ సంగతి ముందు తెలియాలి.

బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల్లో 1880ల్లో తవ్వితే ఇప్పుడు ఈ ప్రాంతంలో కనబడని జంతువుల ఎముకలు కూడా బయటపడ్డాయి. యాగంటికి దగ్గర్లోనే జ్వాలాపురం ఉంది. అక్కడ నేలలో తెల్లటి బూడిద పొర ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద అది. ఆ పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంటే అంత పెద్ద ఉపద్రవానికి ముందూ తరువాతా ఇక్కడ మనుషులు తిరిగారు. 2007లో ఈ సంగతి ప్రపంచ పత్రికల్లో వచ్చింది. యాగంటి బసవన్నను చూసి వెనక్కి పోయే బస్సుల్లో ఎంతమందికి ఈ మాట చెప్పేవాళ్లు ఉన్నారు? ఆ ఉద్యోగం ఖాళీగానే ఉంది, తమ్ముళ్లూ.

గండికోట గురించి చెప్పాల్సింది ఎక్కువ అక్కర్లేదు, అందరూ చూసినదే. ఎర్రమల కొండలను పెన్నేరు కోసుకుంటూ పోయిన లోయ. పైన మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యపు కొట్టు. పొద్దున వెలుగులో ఆ రాయి ఎర్రగా మెరుస్తుంది. కానీ లోయ అంచున చాలాచోట్ల కంచె ఉండదు. బండల మధ్య నెర్రెలు ఉంటాయి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేసేవాణ్ని ఆపగలిగేది పక్కనున్న మనిషే. బండ మీద తడి ఉంటే, గాలి ఎక్కువగా ఉంటే అంచుకు పోనివ్వకూడదు. నీళ్లు నిదానంగా కనిపించినా, కింద లోతు తెలియదు కాబట్టి దిగనివ్వకూడదు. డబ్బు ఇచ్చినవాడికి కూడా వద్దు అని చెప్పే ధైర్యం దారి చూపేవాడికి ఉండాలి. తాడు పట్టడమంటే అదే.

నల్లమలలో మన ఇల్లు

అహోబిలం పోతే తొమ్మిది నరసింహాలు. భవనాశి వాగు దాటి జ్వాలా నరసింహుడి దాకా, ఆపైన ఉగ్రస్తంభం దాకా ఎక్కడం ఇప్పుడు యువతకు పెద్ద ఆకర్షణ. ఎక్కేవాళ్లలో చాలామందికి తెలియనిది ఏమిటంటే, అది మన అత్తగారిల్లో పుట్టిల్లో కూడా. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు. అందుకే ఏటా కనుమ రోజున పారువేట ఉత్సవం మొదలవుతుంది. స్వామి పల్లకీలో నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, తన పెళ్లికి అందరినీ పిలుస్తాడని చెప్పుకుంటాం. దేవుడు నడిచి వచ్చి పిలిచిన ఇల్లు మనది. శ్రీశైలం మల్లన్నను కూడా మనవాళ్లు చెంచు మల్లయ్య అనే పిలుచుకుంటారు.

ఈ అడవే ఇప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లోకి వచ్చింది. పులుల జాడ చూసే బేస్ క్యాంపుల్లో మన చెంచు వాచర్లు పని చేస్తున్నారు. అడుగు చూసి ఆడదా మగదా, ఎప్పుడు పోయింది అని చెప్పగలిగేవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో, లోపల పెచ్చెరువులో అటవీశాఖ జంగిల్ క్యాంపుల్లో వంట, కాపలా, సఫారీ పనుల్లో మన పిల్లలకు జీవనం దొరికింది. ఇది మంచి ఆరంభం. కానీ వంటగదితో, కాపలాతో ఆగిపోకూడదు. లెక్కలు రాసేది, యాత్రికుడితో నాలుగు భాషల్లో మాట్లాడేది, ఈ రోజు ఈ దారి వద్దు అని తేల్చి చెప్పేది కూడా మన పిల్లలే కావాలి.

ఒక మాట మరవకండి. నల్లమలలో ఎప్పుడు పడితే అప్పుడు, ఎటు పడితే అటు పోవడానికి లేదు. కాలినడక దారి శివరాత్రికి, ఉగాదికి తెరుస్తారు. మిగతా కాలంలో అటవీశాఖ అనుమతి ఉన్న చోటికే పోవాలి. అడవిలో పుట్టినవాళ్ల హక్కులు వేరు. వాటి కోసం 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ఆ హక్కు మన ఇంటి కోసం, మన బతుకు కోసం. దాన్ని అడ్డం పెట్టి బయటివాళ్లను దొంగదారిన లోపలికి తీసుకుపోతే రేపు ఆ హక్కుకే ముప్పు వస్తుంది.

దారిని రెండు రకాలుగా అమ్ముకోవచ్చు

ఇప్పుడు కొంచెం చేదు మాట. పెద్దలు క్షమించాలి, పిల్లలు వినాలి.

దారి తెలిసిన కుర్రాడి కోసం వచ్చేవాళ్లు యాత్రికులే కాదు. శేషాచలం, లంకమల, పాలకొండల్లో ఎర్రచందనం ఉంది. సహజంగా ఈ చెట్టు మన రాయలసీమ, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అంతగా పెరగదు. ఒక రాత్రి దారి చూపించు చాలు, నెల కూలి ఒక్కసారే ఇస్తాం అని వచ్చేవాళ్లు ఉన్నారు. మోటారు సైకిలు ఆశ పెడతారు. పట్టుబడితే దుంగ ఎక్కించుకున్న పెద్దమనిషి దొరకడు. దొరికేది దారి చూపినవాడు, మోసినవాడు. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఉద్యోగం రాదు, ఇంట్లో ఉన్న పొలం ముక్క వకీళ్ల చేతిలోకి పోతుంది. అట్లా పాడైన ఇళ్లు మీకూ తెలుసు, మాకూ తెలుసు. పేర్లు చెప్పం.

అదే దారిని ఇంకో రకంగా అమ్ముకోవచ్చు. పొద్దున పది మందిని తీసుకుపోయి, పిట్ట చూపించి, చెట్టు పేరు చెప్పి, నీడన రాగిముద్ద పెట్టించి, సాయంత్రానికి క్షేమంగా తీసుకొచ్చి డబ్బు తీసుకోవచ్చు. మొదటిది ఒక్క రాత్రి పెద్ద మొత్తం. రెండోది ఏడాదికి నాలుగైదు నెలలు చిన్న మొత్తాలు. ఎక్కువ వస్తుందని మేము అబద్ధం చెప్పం. మొదటి ఏళ్లలో తక్కువే వస్తుంది. కానీ మీ పిల్లలకు చూపించడానికి చెట్టు ఉంటుంది, మీరూ ఇంట్లోనే ఉంటారు.

మోసినవాళ్లే ఎక్కారు

హిమాలయాల్లో షెర్పాలు తరాల తరబడి పరాయి దేశాల వాళ్ల మూటలు మోశారు, తాళ్లు కట్టారు. 1953 మే 29న టెన్జింగ్ నార్గే ఎవరెస్టు ఎక్కితే లోకం తెలుసుకుంది. ఆ తరువాత కూడా చాలాకాలం మూటలు మోసే పేరే మిగిలింది. 2021 జనవరి 16న, అప్పటిదాకా చలికాలంలో ఎవరూ ఎక్కలేని కె2 శిఖరాన్ని పది మంది నేపాలీలు కలిసి ఎక్కారు. ఆ పది మందిలో ఎక్కువమంది షెర్పాలే.

అంత దూరం ఎందుకు? నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన లంబాడా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగు ఏళ్లు కూడా నిండలేదు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. గురుకుల పాఠశాలలో చదువు. ఆమెతో పాటు ఖమ్మం వైపు కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్లు మొదట ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి బండ మీద. మన ఓర్వకల్లు దగ్గర కూడా బండలే ఉన్నాయి. సుగాలి చెల్లెళ్లూ, పూర్ణ మీ ఇంటి పిల్లే.

రేపటి నుంచి చేయాల్సినవి

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి పోవద్దు. ఈ పనులు మొదలుపెట్టండి.

ఒకటి. ఈ చలికాలంలో మీ పెంటలో, తండాలో ఉన్న పెద్దవాళ్లలో ఒకరితో ఒక రోజంతా నడవండి. తాతో అవ్వో, ఎవరైనా సరే. ఇరవై చెట్ల పేర్లు, ఐదు నీటి జాడలు, మూడు దారులు మీ భాషలోనే రాసుకోండి. సారపప్పు, తునికి, బిల్లుడు, నల్లమద్ది వంటి పేర్లతో మొదలుపెట్టండి. వాళ్లు చెప్పింది ఫోనులో రికార్డు చేయండి, వాళ్ల అనుమతి అడిగి. మందుమొక్కల గుట్టు, దేవుడి చోట్ల గుట్టు వాళ్లు వద్దంటే బయట పెట్టొద్దు.

రెండు. ప్రథమ చికిత్స నేర్చుకోండి. ఎండదెబ్బ, పాముకాటు, ఎముక విరగడం, ఈ మూడూ మన కొండల్లో ముఖ్యం. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం వద్దు. కదలనివ్వకుండా వీలైనంత తొందరగా ఆసుపత్రికి చేర్చాలి. 108 నంబరు అందే చోటు ప్రతి దారిలో ఎక్కడ ఉందో ముందే చూసి పెట్టుకోండి.

మూడు. కాలం చూసి పోండి. మన సీమలో నడకకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. మార్చి దాటాక పొద్దున తొమ్మిదికల్లా నీడకు చేరాలి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు మా లెక్క. వానాకాలంలో వంకకు నీళ్లు పైనుంచి చెప్పకుండా వస్తాయి. వంకలో గుడారం వేయొద్దు.

నాలుగు. మీరు తీసుకుపోయే ప్రతి గుంపూ తెచ్చిన చెత్త తిరిగి తీసుకురావాలి. ప్లాస్టిక్ కవరు తిన్న దుప్పి కడుపు కోసి చూసినవాళ్లు మన వాచర్లలో ఉన్నారు, వాళ్లను అడగండి.

ఐదు. ఒంటరిగా గైడు పని మొదలుపెట్టొద్దు. ఐదారుగురు కలవండి, ఆడపిల్లలను కలుపుకోండి. ధర ఒకటే పెట్టుకోండి. అటవీశాఖతో, పర్యాటక శాఖతో, శ్రీశైలం ఐటీడీఏతో మాట్లాడేటప్పుడు సంఘంగా పోండి. రాతలో పెట్టుకోండి. మా చేత అయిన సాయం మేము చేస్తాం.

ఆరు. ఎవరైనా కెమెరా పట్టుకుని పెంటకు వచ్చి ముసలివాళ్లను విల్లు పట్టుకుని నిలబడమంటే, ఎందుకని అడగండి. మనం చూపించే బొమ్మలం కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మాట్లాడి, తరువాత ఫోటో దిగుదాం అనండి. మంచి యాత్రికుడైతే ఒప్పుకుంటాడు.

ముగింపు

ఎర్రమల గుట్టల్లో ఆ అవ్వను మరుసటి నెల చూడటానికి పోయాం. చీర పెట్టాం, పండ్లు ఇచ్చాం. పిల్లాడు ఎట్లున్నాడని అడిగింది. బాగున్నాడని చెప్పాం. ఆ చెలమ నీకు ఎవరు చూపించారు అవ్వా అని అడిగితే, మా అత్త అనింది. నువ్వు ఎవరికి చూపించావు అంటే కాసేపు ఊరుకుంది. "ఎవురూ అడగలేదు నాయనా" అనింది.

ఆమె ఇప్పుడు లేదు. ఆ చెలమ చోటు తెలిసినవాళ్లం ఆ రోజు నడిచిన పదిహేను మందిమి మాత్రమే. ఆ ఎండలో ఆ పిల్లాడు పడిపోకపోయి ఉంటే మాకూ తెలిసేది కాదు.

మీ ఇళ్లలో అట్లాంటి అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. ఎవరూ అడగలేదని వాళ్లతో అనిపించుకోవద్దు. ఈ సభ అయిపోయాక బస్సు ఎక్కి ఇంటికి పోతారు కదా, ఈ రాత్రే అడగండి. రేపు యాత్రికుడు వచ్చినప్పుడు తాడు మీ చేతిలో ఉండాలి.



జై ఆదివాసీ.